యూనివర్సిటీ తైక్వాండో క్లబ్బులో మూడేళ్లు: తెల్ల బెల్టు నుంచి నీలం బెల్టు దాకా

పీహెచ్‌డీ కోసం ఉత్తర ఇంగ్లండ్‌కు వచ్చిన మొదటి సెప్టెంబరులోనే మా యూనివర్సిటీ తైక్వాండో క్లబ్బులో చేరాను. తైక్వాండో అంటే తన్నులే ప్రధానమైన కొరియా యుద్ధకళ. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అంతకుముందు ఆడిన ఆఖరి ఆట ఖోఖో, అదీ విజయవాడలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు. ఇప్పటికి మూడేళ్లు గడిచాయి, ఆరు బెల్టు పరీక్షలయ్యాయి. కొత్తగా చేరేవాళ్లకు ఇది మంచి క్లబ్బే. అయితే దేనికి మంచిదో, దేనికి కాదో తెలిసి చేరితే డబ్బూ మోకాళ్లూ రెండూ మిగులుతాయి.

మొదటి నెలలో నాకు కాలు లేవకపోవడం పెద్ద కష్టం కాలేదు, కాలు తగలడం అయింది. జంటగా నిలబడి ఒకరు ప్యాడ్ పట్టుకుంటే ఇంకొకరు దాన్ని తన్నాలి. గురి తప్పి నా పాదం అవతలి అమ్మాయి చేతికి తగిలింది. ఆలోచించేలోపే నా చెయ్యి ఆమె భుజాన్ని తాకి కళ్లకు అద్దుకుంది. మళ్లీ తన్నడం, మళ్లీ తగలడం, మళ్లీ అద్దుకోవడం. పది తన్నులకు నాలుగు దండాలు. తరువాత ప్యాడ్ పట్టుకోవడం నా వంతు. ఆమె కాలు నా మోచేతికి తగిలింది. ఆమె కూడా బుద్ధిగా నా భుజం తాకి కళ్లకద్దుకుంది. కొరియా మర్యాదల్లో ఇదొకటి అనుకుందట పాపం. ఇది మా ఊరి మర్యాద అని చెప్పే ధైర్యం రావడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఈలోగా ఇంకో ఇద్దరు తెల్ల బెల్టులకు, అంటే నాలాంటి కొత్తవాళ్లకు, ఆ అలవాటు అంటుకుంది.

నిజమైన కొరియా మర్యాదలు మనకు కొత్తగా అనిపించవు. చెప్పులు విడిచి లోపలికి రావాలి, గుమ్మం దగ్గర తల వంచాలి. చలికి ఐసుగడ్డలా ఉన్న నేల మీద వట్టి కాళ్లతో నిలబడటానికి ఇంగ్లీషు పిల్లలు తటపటాయిస్తుంటే నాకు మా ఇంటి గచ్చు గుర్తొచ్చింది. నేర్పే ఆయనను సబొమ్‌నిమ్ అనాలి. ఆ చివరి ‘నిమ్’ అచ్చంగా మన ‘గారు’. మిగతావాళ్లు దాన్ని బట్టీ పట్టారు, నాకు ఒక్కసారికే నోటికొచ్చింది. నాకు రానిది కిహాప్, అంటే దెబ్బతో పాటు పెట్టే కేక. గట్టిగా మాట్లాడితేనే కసిరే ఇంట్లో పెరిగిన గొంతు కదా, మొదటి పరీక్షలో నా కేక తుమ్ములా వచ్చింది.

శిక్షణ మంగళ, గురువారాల్లో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా. మొదటి అరగంట ఒళ్లు వేడెక్కించడానికే పోతుంది. తరువాత తన్నులు, ఆపైన పూమ్సే, అంటే వరుసగా చేసే కదలికల కూర్పు. తెల్ల బెల్టుకు మొదట నేర్పేది తెగుక్ ఇల్ జాంగ్. అందులో 18 కదలికలు. ఎడమకు తిరిగి చేత్తో కిందికి అడ్డుకోవాలి, అడుగు ముందుకేసి గుద్దాలి, వెనక్కి తిరగాలి... ఇలా తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాలి, మెలిక ముగ్గులో గీత మొదటి చుక్క దగ్గరికి చేరినట్టు. నేను ప్రతిసారీ అడుగున్నర అవతల తేలేదాన్ని. ఎవరూ లేనప్పుడు హాస్టల్ వంటింట్లో అభ్యాసం చేసి ఫ్రిజ్‌ను గుద్దినంత పని చేశాను. ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేస్తున్నానని చివరికి ఒక సీనియర్ నేల మీద టేపు ముక్కలు అంటించి చూపించాడు.

ఈ క్లబ్బు బలమంతా అలాంటి సీనియర్లే. పక్కనుంచి తిప్పి కొట్టే దొల్యో చాగి నాకు ఆరు వారాల పాటు రాలేదు. కాలు లేపుతున్నాను, మోకాలు నొప్పి పుడుతోంది, ప్యాడ్ కదలడం లేదు. ‘కొట్టే కాలిని వదిలెయ్, నిలబడ్డ కాలిని చూడు. దాని మడమ ప్యాడ్ వైపు తిరగాలి’ అని ఎర్ర బెల్టు అమ్మాయి ఒకతె చెప్పింది. మడమ తిరిగింది. ప్యాడ్ నుంచి ‘ఫట్’మని మోత వచ్చింది. హాలంతా తిరిగి చూసిందని నాకనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు.

లోపమూ అక్కడే ఉంది. సీనియర్లు డిగ్రీ ముగించుకుని వెళ్లిపోతారు. ఏటా కొత్త కమిటీ వస్తుంది, పాత లెక్కలు పోతాయి. నేను రెండో పరీక్ష పాసైన సంగతి ఎక్కడా రాసి లేదన్నారు. ఫోనులో దాచుకున్న ఫోటో లేకపోతే మళ్లీ పరీక్ష రాయించేవారే. రెండో ఏడాదిలో నేర్పేవాళ్లు దొరక్క ఒక టర్మంతా అవే నాలుగు తన్నులు తిప్పి తిప్పి చేశాం. మూడేళ్లలో చెక్కుచెదరకుండా మిగిలింది ఒక్కటే: కాలు తగిలితే కళ్లకద్దుకోవడం. ఎవరు మొదలుపెట్టారో తెలియకుండానే కొత్త పిల్లలు ఇప్పటికీ చేస్తున్నారు. ఇంకో చిక్కు, జనవరిలోనూ మే నెలలోనూ మా హాలును పరీక్షలకు తీసుకుంటారు. వరసగా బల్లలు, మధ్యలో గడియారం. ఆ మూడేసి వారాలూ శిక్షణ ఉండదు, రుసుము మాత్రం తగ్గదు.

రుసుము సంగతి విడిగా చెప్పాలి. క్లబ్బు సభ్యత్వం ఏడాదికి 45 పౌండ్లే అంటారు. ముందు యూనివర్సిటీ జిమ్ సభ్యత్వం తీసుకుంటేనే అది ఇస్తారన్న మాట మూడో వారంలో తెలుస్తుంది. దొబోక్, అంటే ఆ తెల్ల దుస్తులు, 30 పౌండ్లు. ప్రతి బెల్టు పరీక్షకూ 25. మొదటి ఏడాది లెక్క చూసుకుంటే 200 దాటింది. ఊళ్లోని ప్రైవేటు శిక్షణాలయాలతో పోలిస్తే ఇది చవకే. ముందే చెప్పి ఉంటే ఇంకా చవకగా అనిపించేది.

దెబ్బల విషయానికొస్తే, భయపడ్డంత లేదు. స్పారింగులో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడేటప్పుడు, తలకు హెల్మెట్, ఒంటికి కవచం, పళ్లకు గార్డు ఉంటాయి. అసలు నొప్పి వీటిలో దేనికీ సంబంధించనిది: మనం తన్నిన కాలి మీది భాగం ఎదుటివాళ్ల మోచేతికి తగలడం. రెండుసార్లు పాదం వంకాయ రంగుకు తిరిగింది. అమ్మకు వీడియో కాల్‌లో పాదాలు కనిపించకుండా జాగ్రత్తపడ్డాను.

చేరే ముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: మీది డబ్ల్యూటీ పద్ధతా, ఐటీఎఫ్ పద్ధతా? ఇవి తైక్వాండోను నడిపే రెండు వేర్వేరు అంతర్జాతీయ సంస్థలు: వరల్డ్ తైక్వాండో, ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్. ఐటీఎఫ్ 1966లో పుట్టింది. ఒలింపిక్స్‌లో మనం చూసేది 1973లో ఏర్పడిన డబ్ల్యూటీ ఆట. రెండింటి పూమ్సేలు వేరు, నియమాలు వేరు. హైదరాబాదులో చిన్నప్పుడు ఐటీఎఫ్ నేర్చుకున్న అబ్బాయి ఒకడు నాతోపాటే చేరాడు. మొదటి స్పారింగులోనే అలవాటు కొద్దీ ఎదుటివాడి ముఖానికి గుద్దు విసిరాడు. మా డబ్ల్యూటీ ఆటలో తలను కాలితో తన్నితే మూడు పాయింట్లు ఇస్తారు, చేత్తో గుద్దితే తప్పు రాస్తారు. నేర్చుకున్నదంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టడం ఇష్టంలేక రెండు నెలల్లో మానేశాడు. అతను కొన్న కొత్త షిన్ గార్డులు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి, సగం ధరకు.

దొబోక్ మొదటి నెలలోనే కొనకండి. ట్రాక్ ప్యాంటు చాలు. కొన్నాక మాత్రం ఒక సైజు పెద్దదే తీసుకోండి, మొదటి ఉతుకులోనే నాది చీలమండల పైకి ఎక్కింది.