పెరియమేట్‌లో కుట్టించుకున్న సంచి, మేయో వానలో ఎలా నిలిచిందంటే

ఇళ్ళకు తిరిగి స్పీచ్ థెరపీ చేసేవాళ్ళకు సంచే క్లినిక్కు. ఒక సంచి గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే. ఇది చెన్నై పెరియమేట్‌లో కుట్టించుకున్న క్యాన్వాస్ సంచి. ఐర్లండ్ పడమటి పల్లెల్లో నాతోపాటు తిరిగింది, ఇప్పుడు వేళచ్చేరి, తాంబరంలో లిఫ్టు లేని ఫ్లాట్ల మెట్లెక్కుతోంది. ఒక్కచోట దెబ్బతింది, ఆ సంగతీ చెప్తాను.

సెంట్రల్‌లో దిగి నెహ్రూ స్టేడియం వైపు నడిస్తే సిడెన్‌హామ్స్ రోడ్డు వస్తుంది. ఆ చుట్టుపక్కలంతా తోలు వ్యాపారమే. జిప్పులు, బకిళ్ళు, రివెట్లు, చెప్పుల అడుగులు, రెక్సిన్ చుట్టలు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. వాటి వెనక సందులో, మూడు మిషన్లు పట్టేంత గదిలో, బోర్డు లేని కుట్టు దుకాణం ఇది. నడిపేది ఒక బాయ్ (భాయ్‌ని చెన్నైలో ఇలాగే పిలుస్తారు), నెల్లూరు వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. పెరంబూరు నుంచి వచ్చానని చెప్పగానే తమిళం వదిలేసి తెలుగందుకున్నాడు.

అప్పటికి నా కాగితాలు కదులుతున్నాయి. ఐర్లండ్‌లో కోరు అనే నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ అయితే తప్ప పేరు పక్కన స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపిస్ట్ అని రాసుకోవడానికి వీల్లేదు. పోస్టింగ్ మేయో కౌంటీ, అట్లాంటిక్ ఒడ్డు. కాసిల్‌బార్ నుంచి బెల్‌మల్లెట్‌కు 70 కిలోమీటర్లకు పైనే, దారంతా పీట్ నేలలు (కుళ్ళిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలలు), గొర్రెలు. పిల్లలూ పెద్దవాళ్ళూ ఇద్దరూ ఉంటారు, చాలామందిని ఇంటికే వెళ్ళి చూడాలి. అక్కడున్న నా సీనియర్ ఫోన్లో ఒకే మాట చెప్పింది: "చక్రాల పెట్టె మాత్రం తేకు." ఎందుకో వెళ్ళాక అర్థమైంది. కారు ఆపే చోటు నుంచి వంటింటి తలుపు దాకా కంకర, బురద, పశువుల పేడ. చక్రాలు దొర్లే నేల ఎక్కడా లేదు. భుజానికి వేసుకునే సంచే కావాలి.

నా ఫోన్లోని డిజైన్ ఫోటోను బాయ్ సరిగా చూడను కూడా లేదు. "లోపల ఏం పెడతావమ్మా? అది చెప్పు ముందు" అన్నాడు. మర్నాడు సామానంతా తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. బొమ్మల కార్డులు, బుడగల సీసా, ప్లాస్టిక్ ఆవు, ట్రాక్టరు, పెన్ టార్చ్, గ్లవ్స్, చెక్క పుల్లలు, తుడిచే వైప్స్, టెస్టు పుస్తకాలు, 10 ఎంఎల్ సిరంజిలు. సిరంజిలు చూసి "డాక్టరమ్మవా?" అన్నాడు. కాదు, పక్షవాతం వచ్చినవాళ్ళు నీళ్ళు తాగితే పొరబోతుంది, వాళ్ళ కోసం పానీయం ఎంత చిక్కగా ఉందో కొలిచే పని అన్నాను. పానీయాల చిక్కదనానికి అంతర్జాతీయ కొలమానమైన ఐడీడీఎస్ఐ పద్ధతిలో సిరంజిని 10 ఎంఎల్ దాకా నింపి, మూతి వదిలేసి, 10 సెకన్ల తర్వాత ఎంత మిగిలిందో చూస్తారు. అన్ని సిరంజిలూ దానికి పనికిరావు, సున్నా నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. బాయ్ వెంటనే టేపు పెట్టి సిరంజిని కొలిచి, దానికి సరిపడా నిలువు జేబులు గీశాడు. నాకు నచ్చింది ఆ క్షణమే.

ఇత్తడి జిప్పు అడిగితే ఒప్పుకోలేదు. "సముద్రం పక్క ఊరా? లోహం వద్దు" అని ప్లాస్టిక్ పళ్ళ జిప్పు వేశాడు. మెరీనా గాలికి ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలిసిన మనిషి. అట్లాంటిక్ ఉప్పుగాలిలో ఆ రన్నర్ ఈ రోజుకీ ఎక్కడా పట్టుకోలేదు.

సంచిలో అసలు గొప్ప అది తెరుచుకునే తీరు. మూడు వైపులా జిప్పు తీస్తే పోపుల పెట్టెలా మొత్తం పైకే కనబడుతుంది, దేనికోసమూ వెతుక్కోనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. నాలుగేళ్ళ పిల్లాడి ముందు సంచిలో తల దూర్చి వెతికారంటే, మీరు తల ఎత్తేసరికి వాడు కుక్కతో బయటికి పోయుంటాడు. ఒకింట్లో అలాంటివాడే ఉండేవాడు, నన్ను చూస్తే నోరు విప్పేవాడు కాదు. సంచి నేలమీద పరవగానే వాడి కళ్ళు ఆకుపచ్చ ట్రాక్టరు మీద పడ్డాయి. జాన్ డీర్ అన్నాడు. ఎర్రది తీస్తే మాసీ అన్నాడు. ఆ పల్లెల్లో పిల్లలకు ట్రాక్టరు కంపెనీల పేర్లు రంగును బట్టి వచ్చేస్తాయి. మేము ఇక్కడ చదువుకున్న బొమ్మల కార్డుల్లో మామిడిపండూ ఆటోరిక్షా ఉండేవి. అక్కడ వాటితో ఏం పని?

మూత లోపలి వైపు పారదర్శకమైన ప్లాస్టిక్ జేబులు వేయించాను. పిల్లల కోసం లావ్ సైగల షీట్లు అందులో పెట్టేదాన్ని. మాట ఇంకా రాని పిల్లలతో మాట్లాడుతూనే ముఖ్యమైన పదానికి చేత్తో సైగ చేసే ఐరిష్ పద్ధతి అది. తల్లి గిన్నెలు కడుగుతూనే ఆ షీటు చూసి నేర్చేసుకునేది. బొమ్మల కార్డుల మీద ఇంగ్లిషు పేర్లు లేకుండా చూసుకున్నాను. బెల్‌మల్లెట్ వైపు కొంత ప్రాంతం గేల్‌టాక్ట్, అంటే ఐరిష్ భాష ఇంకా ఇళ్ళలో వినబడే చోటు. ఆవును ఏ భాషలో పిలవాలో ఆ ఇంటివాళ్ళకే వదిలేయాలి.

పెద్దవాళ్ళ ఇళ్ళలో సంచి వంటింటి బల్ల మీదికి ఎక్కేది. టీ వద్దంటే బాధపడతారు, అచ్చం మనవాళ్ళే. పక్షవాతంతో మాట పడిపోయిన ఒక పెద్దాయనకు మిగిలిన కోరిక తన టీ తను తాగడమే. కప్పులో పొడి కలిపి చిక్కచేసి, సిరంజితో కొలిచి, ఆయన భార్యకు చెంచాల లెక్క చూపించేదాన్ని. ఆ చిక్కటి టీని ఆయన చూసిన చూపు తెలుగులో ఐతే ఒక మంచి తిట్టు అయ్యేది. బల్ల మీద టీ ఒలికినా రెక్సిన్ లైనింగ్ కాబట్టి ఒక్క వైప్‌తో తుడిచేస్తే పోతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య అన్నీ తుడవాలి కనుక గుడ్డ లైనింగ్ అసలు పెట్టించుకోవద్దు.

ఇంకో రెండు జేబుల గురించి త్వరగా. ఒకటి చిన్న తాళం పట్టే జేబు. 2018లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినప్పటి నుంచి రోగుల కాగితాల విషయంలో యూరప్ అంతా చాలా పట్టుదలగా ఉంటుంది. రెండోది బయటి వైపు అరచేతంత జేబు, ఆ రోజు ఇళ్ళ ఎయిర్‌కోడ్లు రాసుకున్న చీటీ కోసం. అక్కడ పల్లెల్లో ఇళ్ళకు నంబర్లుండవు. 2015లో ప్రతి చిరునామాకూ ఏడు అక్షరాల సొంత కోడ్ ఇచ్చారు. కొండ మలుపులో ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు దారిన పోయే రైతుకు ఆ చీటీ చూపిస్తే, కోడ్ చదవకుండా "ఎవరింటికి?" అని అడిగేవాడు. రోగి పేరు చెప్పకూడదు కదా, అక్కడ నా అవస్థ చూడాలి.

ఇక దెబ్బ. బాయ్ సంచి మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, చుక్క దిగలేదు చూడమని చూపించి ఇచ్చాడు. చెన్నై వానకు ఆ పరీక్ష చాలు. మనకు ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడిపోతుంది, తర్వాత ఎండ. ఐర్లండ్ పడమటి వైపు చాలాచోట్ల మొత్తం మీద 1,000 నుంచి 1,400 మిల్లీమీటర్లే, కానీ అది ఏడాదిలో 225 రోజుల దాకా పరుచుకుని పడుతుంది. అట్లాంటిక్ మబ్బు ముందు తగిలేది అక్కడే. 1944 జూన్‌లో ఆ తీరంలోనే ఉన్న బ్లాక్‌సాడ్ పోస్టాఫీసు నుంచి అక్కడ పనిచేసే మొరీన్ ఫ్లావిన్ పంపిన వాతావరణ రీడింగులు చూసే రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాల నార్మండీ దాడిని ఒక రోజు వెనక్కి జరిపారు, అంతటి వాతావరణం. ఆ తుంపరకు క్యాన్వాస్ తట్టుకుంది. అంచుల్లో పైపింగ్ లోపల వేసిన నూలు తాడు మాత్రం తడి పీల్చుకుని, కారు డిక్కీలో ఎన్నడూ ఆరక, నల్లగా బూజు పట్టింది. రాత్రిళ్ళు పొయ్యి పక్కన వేలాడదీస్తే బూజు తగ్గింది, పీట్ పొగ వాసన పట్టింది. ఆ వాసన ఇంకా పోలేదు.

సెలవుకు వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. బాయ్ అంచు విప్పి, తాడు వాసన చూసి, "ఇదేం పొగమ్మా?" అన్నాడు. అక్కడ నేలనే తవ్వి, ఆరబెట్టి, పొయ్యిలో పెడతారని చెప్తే నమ్మలేదు. నూలు తీసేసి నైలాన్ తాడు వేశాడు, దానికి డబ్బు తీసుకోలేదు, భుజం పట్టీకి కొత్త ప్యాడ్‌కు మాత్రం 150 తీసుకున్నాడు. ఆ తర్వాత బూజు లేదు.

సంచికి నేనిచ్చింది 2,800. ఆన్‌లైన్‌లో దొరికే మెడికల్ బ్యాగులు ఇంతకంటే చవకే, నేను ఒకటి వాడాను కూడా. నిలబెడితే పక్కకు పడిపోయేది, జేబులన్నీ బీపీ మిషన్ కొలతలో ఉండేవి. ఇందులో లోపాలు: ఖాళీగానే బరువు ఎక్కువ, నిండా సర్దితే పొట్టివాళ్ళకు తుంటికి తగులుతుంది. వారంలో ఇస్తానని తర్వాత "రేపు రామ్మా" అని తిప్పుతాడు, విమానం టికెట్ ఉంటే ముందే చెప్పండి. ఐదుకు నాలుగు ఇస్తాను. పోయిన ఒకటి ఆ "రేపు"లకే.

ఇళ్ళకు తిరిగే ఫిజియోలు, నర్సులు ఎవరైనా కుట్టించుకోవచ్చు. ఫోటో కాదు, సామాను తీసుకెళ్ళండి. పైపింగ్ నైలాన్‌దే వేయమని మొదటే అడగండి. అడ్వాన్సు సగం, జీపే తీసుకుంటారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు షట్టర్ దించేస్తారు, ఆదివారం తెరవరు.