పాతూరు పాత ఇనుము అంగడిలో దొరికిన 19/32 సాకెట్

మా నాయన కాలం నాటి డీజిల్ ఇంజన్ నట్లకు నా మెట్రిక్ (మి.మీ. కొలతల) సెట్టులో ఒక్క పానా సరిగా కూర్చోదు. 17 ఎక్కదు, 19 పెడితే జారి మూలలు అరిగిపోతాండాయి. అందుకే అనంతపురం పాతూరులోని ఈ అంగడికి పోయినా. బోర్డు లేదు. గోనెపట్టా మీద సాకెట్లు (నట్టు మీద బోర్లించే గుండ్రటి పానాలు) కుప్ప పోసినారు.

పెద్దాయన "ఏ బండికప్పా?" అని అడిగి, పాత ఇంజన్ అంటానే 3/8 డబ్ల్యూ అని గుద్దిన పానా తీసిచ్చినాడు. నాకు నవ్వొచ్చింది. 3/8 అంగుళం అంటే తొమ్మిదిన్నర మి.మీ. కదా! "అది బోల్టు లావప్పా, పానా నోరు కాదు" అన్నాడు. నిజమే, డబ్ల్యూ అంటే విట్‌వర్త్, పాత ఇంగ్లీషు అంగుళాల కొలత; ఆ పానాల మీద బోల్టు వ్యాసమే గుద్దుతారు. నోరు కొలిస్తే 0.71 అంగుళం, అంటే 18 మి.మీ. ఇంటికొచ్చి పెడితే నట్టు మీద టక్కున కూర్చుంది.

అదే కుప్పలో 19/32, 25/32 అంగుళాల సాకెట్లు కూడా దొరికినాయి, వీటి మీద గుద్దింది మాత్రం నోరు కొలతే. ఇప్పటి సెట్లలో ఇవి అరుదు. 19/32 అంటే 15.08 మి.మీ., మన 15 మి.మీ. తల బోల్టుకు పనికొస్తుంది. 25/32 అంటే 19.84, 20కి ఎక్కదు, 19కి వదులు. అయినా కొన్నా, ఇంట్లో చెప్పలేదు.

ఒక సాకెట్‌కు సన్న పగులుంటే మార్చిచ్చినాడు, కానీ రెండుసార్లు తిప్పుకున్నాడు. రేటు తూకం మీదే అంటాడు గానీ, మన మొహంలో ఆశ కనబడితే తూకం మర్చిపోతాడు. నోరు కొలిచే వెర్నియర్ స్కేలు తీసుకొని పొద్దున్నే పోండి, మధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడలేరు.