పాత కారుకు మూడేళ్ల తర్వాతి మోడల్ సీట్లు: నాలుగేళ్ల వాడకం మీద సమీక్ష

నా కారు 2011లో తయారైంది. అదే కారు 2014 మోడల్‌లోని పై వేరియంట్ నుంచి తీసిన రెండు ముందు సీట్లను నాలుగేళ్ల క్రితం దానికి బిగించుకున్నాను. అప్పటి నుంచి వాటి మీద దాదాపు 58,000 కిలోమీటర్లు తిరిగాను. ఈ కారుకు నేను చేయించిన పనుల్లో నా ఒంటికి ఇంత సుఖమిచ్చింది మరొకటి లేదు. అయితే బోల్టులు కుదిరాయి కాబట్టి సీటు కుదిరినట్టే అనుకుని ఆ రోజే బండి తీసుకుని వచ్చేసి ఉంటే, ఎయిర్‌బ్యాగులు పనిచేయని కారులో ఇంటిల్లిపాదినీ తిప్పుతూ ఉండేవాణ్ణి. అందుకే ఈ సమీక్షలో సుఖం గురించి కన్నా బిగింపు గురించే ఎక్కువ రాస్తున్నాను.

పాత డ్రైవరు సీటులో ఫోము అణగిపోయింది. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఒరుసుకునే డోరు వైపు అంచు పూర్తిగా ఒరిగిపోయింది. గంటకు మించి నడిపితే నడుము పట్టేసేది. కొత్త కవర్లు కుట్టించాను, వీపు వెనక దిండు పెట్టుకున్నాను. పైన బట్ట మారిందే గానీ కింద కుంగిన ఫోము, సాగిన స్ప్రింగులు అలాగే ఉన్నాయి కనుక ఫలితం కనిపించలేదు.

వాడిన సీట్ల కోసం వెతికేటప్పుడు తయారీ సంవత్సరం కన్నా ముందు చూడవలసింది కారు తరం. 2011కూ 2014కూ మధ్య నా కారు ముందు భాగాన్నీ డ్యాష్‌బోర్డునూ మార్చారు కానీ నేలభాగం మారలేదు. సీటు బిగించే నాలుగు రంధ్రాల మధ్య దూరాలు అవే. తరమే మారిపోతే పేరు ఒకటే అయినా సీటు వేరు.

మొదట చూసిన జత పైకి ఎంతో శుభ్రంగా ఉంది. బట్ట మీద మరక లేదు, చిరుగు లేదు. సీటును తిరగేసి, అది ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల గాడిలో వేలు పెట్టి గీస్తే మెత్తటి గోధుమ రంగు ఒండ్రు గోటికి అంటింది. కుషన్ కింది స్ప్రింగులకు ఒకే ఎత్తు వరకు, గీత గీసినట్టుగా తుప్పు పట్టి ఉంది. అది నీట మునిగిన కారు సీటు. బట్టను ఉతకవచ్చు, ఫోమును ఆరబెట్టవచ్చు; కానీ వీపు భాగంలోని ఎయిర్‌బ్యాగు లోపలికి, దాని కనెక్టరులోకి ఎంత తేమ చేరిందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. ఆ జతను వదిలేశాను. రెండో జత ఉన్న కారు వెనక నుంచి స్వల్పంగా దెబ్బ తిన్నది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకోలేదు, సీట్ల చట్రాలు వంగలేదు, బెల్టులు లాగితే తేలిగ్గా వచ్చి తిరిగి చుట్టుకున్నాయి. ఇవన్నీ కారులో సీటు ఉండగానే చూడగలిగాను. విడిగా గోడకు ఆనించి పెట్టిన సీటును చూసి కొనడం నాకు ఇష్టం లేదు.

బిగించేటప్పుడు డ్రైవరు సీటు నాలుగో బోల్టు రంధ్రానికి ఎదురు రాలేదు. మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉంది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేద్దామని మెకానిక్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఐక్యరాజ్యసమితి 17వ వాహన నిబంధన ప్రకారం సీటు ఆధారాలు భూమ్యాకర్షణకు 20 రెట్ల కుదుపును తట్టుకోవాలి. అంత బలం పడే చోట రంధ్రాన్ని రాపిడి చేసి వెడల్పు చేయడం తగదు. కాసేపు పరిశీలించాక అసలు కారణం దొరికింది. సీటు బయట ఉన్నప్పుడు ఎవరో జరిపే మీటను లాగడంతో ఒక పట్టా రెండోదాని కన్నా ఒక పన్ను (గాటు) ముందుకు జరిగి, చట్రం మొత్తం ఏటవాలుగా నిలిచింది. రెండు పట్టాలనూ చివరిదాకా జరిపి ఒకే పన్ను దగ్గర నిలపగానే బోల్టు చేతితో తిప్పుతుంటేనే లోపలికి పోయింది. ఆ తర్వాత వర్క్‌షాపు మాన్యువల్‌లో నా కారుకు ఇచ్చిన 45 న్యూటన్ మీటర్ల లెక్కకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాము.

అసలు కష్టం వైర్ల దగ్గర వచ్చింది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి పది నిమిషాలు ఆగాము. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగు విచ్చుకునేలా దాని కంట్రోల్ యూనిట్‌లో కొంత విద్యుత్తు నిల్వ ఉంటుంది. అది తగ్గేదాకా ఎయిర్‌బ్యాగు తీగలను కలిపే పసుపు పచ్చ కనెక్టర్ల జోలికి పోకూడదు. ఎయిర్‌బ్యాగు తీగలకు మల్టీమీటరు పెట్టి పరీక్షించడం అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే అది పేలే అవకాశం ఉంది. ఇంత జాగ్రత్తపడి కూడా ఒక తప్పు చేశాము. సీట్లు బయట ఉండగా అద్దం దించుకుందామని బ్యాటరీ తగిలించి తాళం తిప్పాము. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, సీట్లు బిగించాక కూడా ఆరలేదు. కారు కంప్యూటరులో నమోదైన ఆ లోపాన్ని, అలాంటివి చదివి చెరిపే స్కానరుతో తుడిచేయవలసి వచ్చింది.

తుడిచాక కూడా మర్నాడు దీపం మళ్లీ వెలిగింది. ఈసారి కారణం బకిల్, అంటే సీటు బెల్టు కొనను దూర్చి బిగించే భాగం. నా కారులో బెల్టు పెట్టుకున్నారో లేదో చెప్పేది మామూలు స్విచ్చు. 2014 సీటు బకిల్‌లో ఉన్నది అయస్కాంతంతో పనిచేసే సెన్సరు. ప్లగ్గు ఒకేలా ఉంది, సునాయాసంగా దూరింది, కానీ కారు ఎదురుచూసే సంకేతం అది ఇవ్వడం లేదు. మా పాత సీట్ల బకిల్‌లనే తీసి కొత్త సీట్లకు బిగించాక సమస్య తీరింది. ప్రమాదంలో బెల్టును బిగలాగే యంత్రాంగం నా కారులో డోరు పక్క స్తంభంలో ఉంది కనుక ఈ మార్పు తేలికైంది. అది బకిల్‌తోనే కలిసి వచ్చే కార్లలో ఈ పనిని ఎయిర్‌బ్యాగుల విషయం తెలిసినవారికే అప్పగించాలి. సీట్ల వీపు భాగంలోని పక్క ఎయిర్‌బ్యాగుల లేబుళ్ల మీది విడిభాగం సంఖ్యలు రెండు సంవత్సరాల్లోనూ ఒకటే కావడం నా అదృష్టం. వేరైతే సీట్లు వాపసు ఇచ్చేసేవాణ్ణి.

పక్క సీటులో నా కారుకు ఉన్నది బెల్టు గుర్తుచేసే ఒత్తిడి సెన్సరు మాత్రమే, అది ఇబ్బంది పెట్టలేదు. కూర్చున్న మనిషి బరువును బట్టి ఎయిర్‌బ్యాగును ఆపే వ్యవస్థ ఉన్న కార్ల సంగతి వేరు. అక్కడ సెన్సరు, ఫోము, దాని యూనిట్ మూడూ కలిపి సరిచూసిన ఒకే జత. అలాంటి కారుకు మరో సంవత్సరం సీటు వేయమని నేను చెప్పను.

ఇక వాడకం. నడుముకు ఆసరా ఇచ్చే మీట, ఎత్తు మార్చే మీట పాత సీటుకు లేవు. మొదటి వారంలోనే నాలుగు గంటల ప్రయాణం చేసి దిగినప్పుడు, కారు డోరు పట్టుకుని వంగి నిలబడే అలవాటు అవసరం లేకపోయింది. అది నాకు చాలా పెద్ద మాట. తొడల కింద కుషన్ పొడవు ఎక్కువ కావడంతో మోకాళ్ల నొప్పి కూడా తగ్గింది. అసౌకర్యాలు లేకపోలేదు. అన్నిటికన్నా కిందికి దించినా ఈ సీటు పాతదాని కన్నా ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులోనే ఉంటుంది. నా కన్నా పొడగరి అయిన మా తమ్ముడి తల పైకప్పుకు తగులుతుంది. వీపు భాగం మందం కావడం వల్ల వెనక కూర్చునేవారి మోకాళ్ల దగ్గర రెండు సెంటీమీటర్ల జాగా పోయింది. బట్ట రంగు వెనక సీటుతో కలవదు, దానికి నేను అలవాటు పడ్డాను.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ సరిచూస్తే ఒక్కటీ వదులు కాలేదు. మూడో ఏట పక్క సీటు గతుకుల్లో కిర్రుమనడం మొదలుపెట్టింది. పట్టాల గాడి శుభ్రం చేసి గ్రీజు రాస్తే పోయింది. డ్రైవరు సీటు డోరు వైపు అంచు ఇప్పుడు కొంచెం మెత్తబడింది, ఒరగలేదు. ఎయిర్‌బ్యాగు దీపం మళ్లీ వెలగలేదు. అయినా ప్రతి సర్వీసులోనూ ఆ లోపాల జాబితాను స్కానరుతో చదివించుకుంటున్నాను.

వెనక సీటు కూడా 2014దే దొరికింది, రంగు కలుస్తుందని ఆశ కూడా పడ్డాను. అది రెండు ముక్కలుగా మడిచే రకం. దాని వీపును పట్టి ఉంచే కొక్కేలు నా కారు బాడీకి లేవు, అతుకు పెడితే తప్ప నిలవదు. డిక్కీలోని సామాను వెనక కూర్చున్న పిల్లల మీదికి రాకుండా ఆపేది ఆ వీపే కాబట్టి దాన్ని కొనలేదు.