‘అసలు వర్క్‌షాపు డ్రాయింగులు’ అని అమ్ముతున్న డబ్ల్యూపీ ఇంజను సెట్టు కొనబోయేవారికి హెచ్చరిక

ఆవిరి ఇంజన్ల నమూనాలు స్వయంగా తయారు చేసుకునే మిత్రులందరికీ ఈ విషయం తెలియజేయడం నా బాధ్యత అనుకుంటున్నాను. బ్రాడ్‌గేజ్ మీద ప్రయాణికుల రైళ్లను లాగిన డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజనుకు ‘అసలు వర్క్‌షాపు డ్రాయింగులు, 1:32 నిష్పత్తిలో’ అని ప్రకటించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక సెట్టును నేను ఇటీవల విశాఖపట్నానికి తెప్పించుకున్నాను. ఆరు పెద్ద షీట్లకు రూ.4,800 తీసుకున్నారు. అవి అసలువి కాకపోవడం అటుంచి, ఒకే ఇంజనుకు చెందినవి కూడా కావు. వాటిని నమ్మి ఇత్తడి రేకు కోయడం మొదలుపెడితే రేకు ఖర్చు, నెలల శ్రమ రెండూ బూడిదలో పోసినట్టే. డబ్బు వాపసు కోసం నేను పెట్టిన ఫిర్యాదు ఇంకా తేలలేదు కనుక అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ సెట్టును గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లను మాత్రం వివరంగా రాస్తున్నాను.

మొదటి అనుమానం షీటు కింద కుడి మూలన ఉన్న వివరాల పట్టిక దగ్గరే వచ్చింది. అందులో ‘చిత్తరంజన్, 1952’ అని, దాని కిందనే ‘డబ్ల్యూపీ, 4-6-2’ అని ఉంది (ఈ అంకెలు వరుసగా ముందు, నడిపే, వెనుక చక్రాల సంఖ్య). చిత్తరంజన్ కర్మాగారం నుంచి 1950 నవంబరు 1న వెలువడిన మొదటి ఇంజను ‘దేశబంధు’ డబ్ల్యూజీ తరగతిది, అంటే 2-8-2 చక్రాల అమరిక గల గూడ్సు ఇంజను. అక్కడ డబ్ల్యూపీల తయారీ జరిగింది 1963 నుంచి 1967 వరకు. 1952 నాటికి మన దేశంలో తిరుగుతున్న డబ్ల్యూపీలన్నీ విదేశాల నుంచి వచ్చినవే. వాటిలో మొదటి పదహారింటిని 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ పంపింది. తేదీ ఒక్కటే తప్పయితే నకలు తీసినవారు పొరబడ్డారని సరిపెట్టుకోవచ్చు. అందుకే స్టీలు స్కేలు, వెర్నియరు తీసుకుని ఒక్కొక్క కొలతా సరిచూశాను.

ఇంజనును ముందు నుంచి చూపించే షీటుతోనే వీరి పనితనం బయటపడింది. భారతీయ బ్రాడ్‌గేజ్‌లో రెండు బఫర్ల (ఇంజను ముందు రెండు పక్కలా తాకిడిని తట్టుకునే దిమ్మెల) కేంద్రాల మధ్య దూరం 1,956 మిల్లీమీటర్లు. 1:32లో అది 61 మిల్లీమీటర్లకు కొద్దిగా పైన ఉండాలి. షీటు మీద 54.5 ఉంది. దాన్ని 32తో హెచ్చిస్తే 1,744 వస్తుంది, అంటే దాదాపుగా బ్రిటన్ రైళ్ల బఫర్ల దూరమైన 1,740. ఆ వెంటనే పట్టాల మధ్య దూరం కొలిచాను. మన 1,676 మిల్లీమీటర్ల గేజికి 52 మిల్లీమీటర్ల పైచిలుకు రావలసిన చోట 45 మాత్రమే ఉంది. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి కొలత. ఏదో బ్రిటిష్ ఇంజను ముఖచిత్రం తీసుకుని, దానికి డబ్ల్యూపీ బుల్లెట్ ముక్కును, నక్షత్రాన్ని అతికించారని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

ఈ సంగతి రాసి అమ్మినవారిని అడిగితే, బజారులో దొరికే మోడల్ పట్టాలు 45 మిల్లీమీటర్లవి కాబట్టి వాటికి తగ్గట్టు సర్దామని జవాబిచ్చారు. ఈ జవాబు పైకి సబబుగానే కనిపిస్తుంది, కొత్తవారు నమ్మే ప్రమాదం ఉంది కనుక దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. దొరికే పట్టాలకు అనుగుణంగా గేజిని తగ్గించుకోవడం మన దేశపు మోడలర్లలో ఉన్న అలవాటే. 1:87లో చేసేవారు 19.3 మిల్లీమీటర్లు ఉండవలసిన గేజికి 16.5 మిల్లీమీటర్ల పట్టాలతో సరిపెట్టుకుంటారు. అయితే అలా చేసేటప్పుడు చక్రాలను లోపలికి జరుపుతారు తప్ప బఫర్లను, సిలిండర్లను, క్యాబు (డ్రైవరు గది) వెడల్పును ఎవరూ ముట్టుకోరు. పట్టాలతో బఫర్లకు సంబంధమే లేదు. అన్నిటికీ మించి, ఆ సర్దుబాటు ఎంతవరకు చేయాలో తేల్చుకోవలసింది నమూనా చేసే మనిషి. ‘అసలు డ్రాయింగు’ అని అమ్మే కాగితంలో అది ముందే చేసి ఉండడానికి వీల్లేదు.

పక్క నుంచి చూపించే షీట్లు ఇంతకంటే ప్రమాదకరమైనవి, ఎందుకంటే చూపుకు అవి చక్కగా ఉన్నాయి. డబ్ల్యూపీ నడిపే చక్రాల వ్యాసం 67 అంగుళాలు, అంటే సుమారు 1,702 మిల్లీమీటర్లు. నిష్పత్తి ప్రకారం 53 మిల్లీమీటర్లు రావాలి. షీటులో 49 కంటే తక్కువే ఉంది. ఇది 61.5 అంగుళాల డబ్ల్యూజీ చక్రం. ఈ రెండు తరగతులకూ బాయిలరుతో సహా ముఖ్యభాగాలు చాలావరకు ఉమ్మడి కాబట్టి, డబ్ల్యూజీ బొమ్మలో ఒక జత చక్రాలు తీసేసి ముందు భాగం మార్చితే డబ్ల్యూపీ అని నమ్మించడం కష్టం కాదు. నడిచిన ఇంజనుకు టైర్లు అరిగి వ్యాసం తగ్గుతుంది కదా అని కూడా వాదించారు. టైరు అరుగుతుంది నిజమే, కానీ వ్యాసం 140 మిల్లీమీటర్లు తగ్గేంతగా అరిగిన టైరుతో ఏ షెడ్డూ ఇంజనును బయటికి పంపదు.

ఆవిరి రోజుల్లో లోకోషెడ్డులో పనిచేసి రిటైరై కంచరపాలెంలో ఉంటున్న ఒక ఫిట్టరుగారికి ఈ షీట్లు చూపించాను. ఆయన కుడి వైపు, ఎడమ వైపు బొమ్మలను పక్కపక్కన పరిచి, క్యాబు నుంచి ముందుకు వచ్చే రివర్సు కడ్డీ (ఇంజను నడిచే దిశను మార్చే కడ్డీ) మీద వేలు పెట్టి, “రెండు పక్కలా డ్రైవర్లుంటారేటి బాబూ? ఓ పక్క బొమ్మనే తిరగేసి అచ్చేసినారు” అన్నారు. ఆ కడ్డీ డ్రైవరు నిలబడే వైపు మాత్రమే ఉంటుంది. ఆయన చెప్పాక చూస్తే పైపులు, మెట్లు, చివరికి ఒక రివెట్ల వరుసలో ఉన్న చిన్న ఖాళీ కూడా రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకే చోట ఉన్నాయి.

వాల్తేరు మీద అభిమానం ఉన్న మనలాంటివారిని ఆకర్షించడానికి కాబోలు, టెండరు (ఇంజను వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండి) మీద బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగపూర్ రైల్వే) అక్షరాలు, ఇంజను మీద 7161 నంబరు వేశారు. 7161 అంటే హర్యానాలోని రేవాడీ షెడ్డులో ఉన్న ‘అక్బర్’, 1965లో చిత్తరంజన్‌లో తయారైన ఇంజను. బెంగాల్ నాగపూర్ రైల్వే 1952 ఏప్రిల్‌లోనే ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది. 1955 ఆగస్టు నుంచి మన లైను సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందికి వచ్చింది. పుట్టకముందే పోయిన కంపెనీ పేరును ఆ ఇంజను ఏనాడూ మోసి ఉండదు. వాల్తేరులో తిరిగిన ఇంజనును ఉన్నది ఉన్నట్టు చేసుకోవాలని ఆశపడే మనిషికి ఈ అబద్ధం కొలతల తప్పుకంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇకపై ఎవరైనా ఇలాంటి సెట్టు కొనదలిస్తే, డబ్బు చెల్లించే ముందు వివరాల పట్టిక ఫొటోను, ముందు నుంచి చూపించే షీటులో బఫర్ల కేంద్రాల దూరాన్ని, నడిపే చక్రం వ్యాసాన్ని అడిగి తెప్పించుకోండి. అసలు డ్రాయింగులు చేతిలో ఉన్నవారికి ఇవి పంపడం ఐదు నిమిషాల పని. నన్ను మోసం చేసినవారు కొనకముందు షీట్ల ఫొటోలను మసకగా, మూలలు కత్తిరించి మాత్రమే చూపించారు. షీటు మీద గీసిన స్కేలు గీతను అడ్డంగానూ నిలువుగానూ కొలిచి చూడండి, ఎందుకంటే జిరాక్సులో బొమ్మ ఒక దిక్కున మాత్రమే సాగడం మామూలే. ప్రకటనను, సంభాషణను స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. ‘డిజిటల్ సరుకుకు వాపసు లేదు’ అని వారు నాకు చెప్పారు, కానీ ప్రకటించినది ఒకటి, పంపినది మరొకటి అయినప్పుడు ఆ మాట చెల్లదు. పైగా నాకు వచ్చినవి కాగితాలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, నేను అదే చేశాను.

కొలతలు కావలసినవారు ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో, రేవాడీలో నిలిచి ఉన్న ఇంజన్లను అనుమతి తీసుకుని స్వయంగా కొలుచుకోవడమే మేలు. ఇదే అమ్మకందారు ఇప్పుడు బి.ఎన్.ఆర్. ఎన్ తరగతి గారట్ ఇంజను (రెండు చక్రాల చట్రాల మధ్య ఒకే బాయిలరు గల ఇంజను) డ్రాయింగులు కూడా అమ్మకానికి పెట్టారు. 4-8-0+0-8-4 అమరిక గల ఆ భారీ ఇంజన్లను మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కంపెనీ తయారు చేసింది, ఆ కంపెనీ రికార్డులు ఆ ఊరి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉన్నాయి, 815 నంబరు ఇంజను ఢిల్లీ మ్యూజియంలోనే ఉంది. కాబట్టి ఆ సెట్టుకు డబ్బు కట్టాలనుకుంటున్నవారు ముందు ఆ రెండు చోట్లా విచారించండి. డబ్ల్యూపీ సెట్టు ఇప్పటికే కొన్నవారు పైన చెప్పిన కొలతలు సరిచూసుకుని, తేడా కనిపిస్తే మీరు కూడా 1915కు ఫిర్యాదు చేయండి.