మైత్రీవనం వెనక స్పోకెన్ ఇంగ్లిష్ క్లాస్: టైమ్ పాఠాల కోసమైనా చేరొచ్చు

మొన్న శనివారంతో నా ఆరు వారాల బ్యాచ్ అయిపోయింది. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందు, రెండో అంతస్తు, పొద్దున ఆరున్నర క్లాసు, ఫీజు 3,500. టైమ్ ఇవ్వడం, అడగడం, మార్చడం గురించిన మాటలకే సారు మూడు రోజులు తీసుకున్నారు. నేను చేరిందే వాటికోసం.

నాది అకౌంట్స్ పని. క్లయింట్లు లండన్ వాళ్లు. వేసవిలో ఒకావిడ "లెట్స్ పెన్సిల్ ఇన్ థర్స్‌డే" అని మెయిల్ పెడితే ఖాయమైందనుకున్నాను. కరీంనగర్‌లో అమ్మ కంటి చెకప్ తమ్ముడికి అప్పగించి రాత్రి బస్సెక్కి వచ్చేశాను. మీటింగ్ జరగలేదు. ఆవిడ తప్పు కాదు, ఆ మాట నాకు తెలియదు.

సారుకి ఇది చెప్తే, నా నోట్సులో పెన్సిల్‌తో "గురువారం 4" అని రాసి, రబ్బరుతో చెరిపి, పొట్టు ఊదేశారు. "పెన్సిల్ ఇన్ అంటే ఇంతేనమ్మా. కన్ఫర్మ్ అనేదాకా బస్సెక్కకు" అన్నారు. ఇక మర్చిపోను.

"బ్లాక్" గట్టి మాట, ఆ గంటలో ఇంకెవరికీ చోటు లేదని. "స్పేర్" అడిగేటప్పటి మాట. మేనేజర్‌ని నేను "గివ్ మి టెన్ మినిట్స్" అనేదాన్ని. "ఓ పది నిమిషాలివ్వండి" అన్నదాన్నే ఇంగ్లిష్‌లో పెట్టాననుకున్నాను, కానీ "అండి" తెలుగులోనే ఉండిపోయింది. "కుడ్ యు స్పేర్" అంటే ఆ మర్యాద మళ్లీ వస్తుంది.

అనుకున్న రోజుకంటే ముందే పెట్టుకుందామనడానికి "ప్రీపోన్" మన ఆఫీసుల్లో చెల్లుతుంది, లండన్‌లో చాలామందికి తెలియదు. "బ్రింగ్ ఫార్వర్డ్" అనాలి. "మూవ్ ఫార్వర్డ్" అంటే ముందుకా వెనక్కా అని ఇంగ్లిష్ వాళ్లకే తికమకట, అందుకే తేదీ కూడా చెప్పేయమన్నారు. "ఇయర్‌మార్క్" అంటే ఫలానా పనికని విడిగా పెట్టడం. అది గొర్రెల చెవులకు పెట్టే గుర్తు నుంచి వచ్చిందని చెప్పగానే, వెనక బెంచీలోని మహబూబ్‌నగర్ అబ్బాయి "మా తాత ఇప్పటికీ పెడతాడు సార్" అన్నాడు. ఆ మాట టైమ్ కంటే డబ్బుకే ఎక్కువ వాడతారు, సారు అది కూడా చెప్పాల్సింది.

లోటంటే, బ్యాచ్‌లో 32 మందిమి. మాట్లాడే వంతు రోజుకి రెండు నిమిషాలు కూడా రాదు. ఫోన్ ప్రాక్టీసు మొత్తం మీద ఒక్కసారే. ఆ ఫీజుకి ఇది తక్కువే. మెయిళ్లు దిద్దించుకోవాలంటే క్లాసయ్యాక ఆగాలి. సారు మాత్రం విసుక్కోరు.

అమ్మ తర్వాతి చెకప్ 18న. ఆ రోజంతా క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, లండన్ ఆవిడకీ మెయిల్ పెట్టేశాను.