రైలు కూత, ఆకురాయి, సవర గొంతు: పర్లాకిమిడి నుంచి ఒక ఆంబియంట్ ఆల్బం

పర్లాకిమిడి బజారులో నేను రీచార్జికి వెళ్లే మొబైల్ దుకాణంలో, గాజు బల్ల మీద చార్జర్ల పక్కన, గోధుమరంగు కవర్లలో పెట్టిన పెన్‌డ్రైవులు కొంతకాలంగా కనిపిస్తున్నాయి. వెల 250 రూపాయలు. కవరు మీద ఊరి పేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంది గానీ స్వరకర్త పేరు ఎక్కడా లేదు. అడిగితే, "మన కుర్రోడేనండి మాస్టారూ, పేరు వద్దన్నాడు" అని దుకాణదారు నవ్వి ఊరుకున్నారు. లోపల ఐదు రచనలు, మొత్తం 58 నిమిషాలు, 24-బిట్ వేవ్ ఫైళ్లుగా దాదాపు ఒక గిగాబైటు ఉన్నాయి. ఫైళ్లకు పేర్లు పెట్టలేదు, ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు మాత్రమే వేశారు. ఏది ఏమిటో ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కల్లో రాసి పెట్టారు.

పల్లవి, చరణాల కోసం వెతికే శ్రోతకు ఇక్కడ నిరాశ తప్పదు. ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో 'ఆంబియంట్' అన్న పేరును వాడుకలోకి తెచ్చిన ఈ సంగీతం, శ్రద్ధగా వింటే వినవచ్చు, గదిలో దాని మానాన దాన్ని వదిలేసి మన పని మనం చేసుకోనూవచ్చు అన్న పద్ధతిలో నడుస్తుంది. కచేరీకి ముందు తంబురా ఒక్కటే మోగుతున్న ఆ రెండు నిమిషాలను ఇష్టపడేవారికి ఇది అంత కొత్తగా అనిపించదు.

మొదటి రచన రైలుది, ఆల్బం మొత్తంలో గొప్పది కూడా ఇదే. నౌపడ నుంచి వచ్చే లైను పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో రెండున్నర అడుగుల పట్టాల మీద మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. నా తరం వారికి చిన్న రైలు చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది కనుక, ఆ పాత జ్ఞాపకాన్ని ఈ స్వరకర్త నకిలీ చప్పుళ్లతో రేపుతాడేమోనని భయపడుతూనే వినడం మొదలుపెట్టాను. అతడు ఆ పని చేయలేదు. పాతపట్నం ప్లాట్‌ఫారం మీద ఇప్పటి రైలు కూతనే పట్టి, దాని వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించాడు. వేగం సగమైతే స్వరం ఒక స్థాయి (సరిగమల ఒక పూర్తి వరుస) కిందికి దిగుతుంది, నాలుగో వంతైతే రెండు స్థాయిలు దిగుతుంది. పన్నెండు సెకన్ల కూత ఆ విధంగా 48 సెకన్ల పాటు సాగి, కూతలోని రెండు మూడు స్వరాలు విడివిడిగా తెలిసేంత నెమ్మదిగా, దేవాలయంలో కొమ్ము ఊదినట్టుగా వినిపిస్తుంది. దాని అడుగున చక్రాల రొద సన్నని శ్రుతిగా నిలబడి ఉంటుంది. రైలు శబ్దాలతో ఇటువంటి పని ఫ్రెంచి స్వరకర్త పియెర్ షెఫెర్ 1948లోనే పారిస్‌లో చేశాడు. మన పక్క ప్లాట్‌ఫారం శబ్దంతో వింటే మాత్రం దాని సంగతే వేరు. ఒక్క హెచ్చరిక: దీన్ని ఫోన్ స్పీకరులో వినవద్దు. నేను మొదట అలాగే విని, పెన్‌డ్రైవు పాడైందనుకుని తిరిగి ఇవ్వబోయాను. కింది స్థాయి స్వరాలను అంత చిన్న స్పీకరు పలికించలేదు. మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా సరిపోతుంది.

రెండో రచనకు మూలం మన ఊరి కొమ్ము పని. దువ్వెనలూ కొంగ బొమ్మలూ చేసే చోట ఆకురాయి కొమ్ము మీద అరిగే చప్పుడును రికార్డు చేసి, సెకనులో ఇరవయ్యో వంతు ఉండే తునకలుగా కోసి, వాటిని వేల సంఖ్యలో ఒకదానిపై ఒకటి చల్లాడు. దీన్ని గ్రాన్యులర్ పద్ధతి అంటారు. తొలి నిమిషంలో ఆకురాయి ఆకురాయిగానే వినిపిస్తుంది. తర్వాత అది రేకుల మీద వానలా, ఇంకాసేపటికి వరి తూర్పారపట్టినట్టుగా మారి, ఆరో నిమిషంలో మళ్లీ ఆకురాయి దగ్గరకే వస్తుంది. అలా తిరిగి రావడమే నాకు ఎక్కువగా నచ్చింది.

మూడోది మహేంద్రతనయ ఒడ్డున, వానాకాలపు రాత్రి. కప్పలు బాగున్నాయి, నీరు బాగుంది. ఎందుకో ఆ రెండింటిపై నమ్మకం చాలనట్టు, సింథసైజరు స్వరాలను ప్రతిధ్వని కలిపి ధారాళంగా పోశాడు. యోగా వీడియోల వెనక వచ్చే సంగీతంలా తయారైంది. నాలుగోది రెండు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెల ఆట: రెండింటికీ మధ్య రెండు హెర్ట్జ్‌ల (సెకనుకు రెండు కంపనాల) తేడా ఉంచితే సెకనుకు రెండుసార్లు ధ్వని ఉబ్బి తగ్గుతుంది. ఆ తేడాను మెల్లగా సున్నాకు తేవడమే రచన అంతా. పాఠం చెప్పడానికి పనికివస్తుంది, పదకొండు నిమిషాలు వినడానికి మాత్రం ఓపిక కావాలి.

ఐదోదానితో నాకు పేచీ ఉంది. కొండ మీది నుంచి సంతకు వచ్చిన ఒక సవర గిరిజన స్త్రీ మాటలను తీసుకుని, మాట మాటగా తెలియనంతగా సాగదీసి, అచ్చుల పొగలా గాలిలోకి వదిలాడు. వినడానికి అందంగానే ఉంది, కాదనను. కానీ ఇది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకున్న ఊరు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఒక్కొక్క మాటను చెవితో పట్టి, అర్థంతో సహా కాగితం మీదికి ఎక్కించడానికి ఆయన దశాబ్దాలు పడ్డ శ్రమ తెలిసినవారికి, అదే భాషను అర్థం ఊడ్చేసి వట్టి నాదంగా వాడుకోవడం మింగుడు పడదు. రైలు కూతకు గానీ ఆకురాయికి గానీ చెప్పుకోవలసిన మాట లేదు, ఆమెకు ఉంది. కనీసం ఆమె ఏమందో కవరులోని కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉండవలసింది. తన పేరు వేసుకోవడం వేసుకోకపోవడం ఆ కుర్రవాడి ఇష్టం. మళ్లీ కవర్లు నింపేటప్పుడు మాత్రం, ఆమెను అడిగి, ఒప్పుకుంటే ఆమె పేరు వేయాలి.