నైరుతి వానా, ఈశాన్య వానా: ఎవరి చేనుకు ఏది?

తెలంగాణ రైతు మృగశిర కార్తె కోసం ఎదురుచూస్తాడు. నెల్లూరు రైతు చూపు మాత్రం అక్టోబరు మీద ఉంటుంది. ఇద్దరికీ వాన తెచ్చేవి రుతుపవనాలే, వచ్చే దారే వేరు.

నైరుతిది పెద్ద చెయ్యి. వేసవిలో నేల కాగి గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ వెలితి పూడ్చడానికి హిందూ మహాసముద్రం మీది తేమగాలి ఇటు వస్తుంది. మామూలుగా జూన్ 1కి కేరళను తాకి, సెప్టెంబరు దాకా ఉంటుంది. దేశంలో ఏడాదికి పడే వానలో దాదాపు 75 శాతం దీనిదే. కానీ పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలా నీరు అక్కడ కుమ్మరించేస్తుంది. కనుమలకు ఇవతలున్న అనంతపురానికి మిగిలేది తక్కువ. మబ్బు కమ్మి కూడా చినుకు రాలకుండా వెళ్లిపోవడం ఎంత బాధో అక్కడి రైతుకే తెలుసు.

ఈశాన్యం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. భూమి చల్లబడి గాలి దిశ మారుతుంది, బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమ నింపుకుంటుంది. తెలంగాణకు దీనివల్ల ఒరిగేది కొంచెమే. నెల్లూరు, తిరుపతి వైపు చెరువులు నిండాలంటే మాత్రం ఇది కావాల్సిందే.

నాకు భయం ఈ రెండోదానితోనే. నైరుతి ముఖం చాటేస్తే కరవు మెల్లగా కమ్ముకొస్తుంది. ఈశాన్య కాలంలో వాయుగుండం పుడితే రాత్రికి రాత్రే ఊళ్లు మునుగుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. 2021లో సరిగ్గా అదే తేదీన చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది.